ముందు ముఖం, తర్వాత పాదం: సినిమా ఫిగర్ నాణ్యత చూసేదెలా

మా ఇంట్లో దసరా బొమ్మల కొలువులో మూడో మెట్టు మీద, కొండపల్లి దశావతారాల పక్కన, ఆరంగుళాల ఐరన్ మ్యాన్ నిలబడతాడు. మొదటి ఏడు అమ్మ ససేమిరా అంది. రెండో ఏడు మెత్తబడి ఒక షరతు పెట్టింది: "తొమ్మిది రోజులూ నిలబడితే సరే. పడి నా మత్స్యావతారం తోక విరగ్గొట్టాడంటే మాత్రం అటక మీదికే." ఇలాంటి ఫిగర్ల, అంటే కీళ్ళు కదిలే సినిమా పాత్రల బొమ్మల, నాణ్యత గురించి నేను చాలా చదివాను, చాలా వీడియోలు చూశాను. అమ్మ షరతంత పనికొచ్చింది ఒక్కటీ లేదు.

కొనేటప్పుడు మన కళ్ళు పెట్టె మీది ఫొటో మీదికి పోతాయి. లోపల ఎన్ని జతల చేతులిచ్చాడు, ఎన్ని ఆయుధాలిచ్చాడు అని లెక్కపెడతాం. నేను ముందు ముఖం చూస్తాను, తర్వాత పాదం చూస్తాను. ముఖం కుదరని ఫిగర్‌ని ఎన్ని ఆయుధాలూ నిలబెట్టలేవు. పాదం కుదరనిదాన్ని ఏ షెల్ఫూ నిలబెట్టలేదు. మీరూ ఈ వరసలోనే చూడండి.

బయల్దేరే ముందు స్కేలు బద్ద తీయండి

ఆరడుగుల మనిషంటే 72 అంగుళాలు. అందులో పన్నెండో వంతు 6 అంగుళాలు, ఆరో వంతు 12 అంగుళాలు. మార్కెట్లో ఎక్కువగా దొరికే రెండు సైజులూ ఈ లెక్కలోంచి వచ్చినవే. హాస్బ్రో వాళ్ళ మార్వెల్ లెజెండ్స్, బ్లాక్ సిరీస్, బండాయ్ వాళ్ళ ఫిగువార్ట్స్ ఆరంగుళాల జాతి. హాంగ్‌కాంగ్ కంపెనీ హాట్ టాయ్స్ పేరు తెచ్చుకున్నది పన్నెండు అంగుళాల వాటితో. నెకా, మెక్‌ఫార్లేన్ వాళ్ళవి ఏడంగుళాల దగ్గర ఉంటాయి. 1978లో కెన్నర్ తెచ్చిన స్టార్ వార్స్ బొమ్మలు మూడుముప్పావు అంగుళాలే. అన్నట్టు, 'యాక్షన్ ఫిగర్' అన్న మాట 1964లో హాస్బ్రో తన జీఐ జో కోసం పుట్టించింది. 'డాల్' అంటే మగపిల్లలు ముట్టుకోరని భయం.

ఇదంతా ఎందుకంటే, ఏడంగుళాల బ్యాట్‌మ్యాన్ పక్కన ఆరంగుళాల సూపర్‌మ్యాన్‌ని పెడితే ఆయన ఇంటర్ చదివే తమ్ముడిలా కనిపిస్తాడు. రెండూ విడివిడిగా బాగానే ఉంటాయి, పక్కపక్కన మాత్రం నప్పవు. మీ షెల్ఫులో ఏ సైజు ఉందో కొలుచుకుని వెళ్ళండి.

ఇంకో చిన్న లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. మామూలు మనిషి ఎత్తు తన తలకు సుమారు ఏడున్నర రెట్లు ఉంటుంది. ఆరంగుళాలంటే 15 సెంటీమీటర్లు, కాబట్టి తల 2 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. జుట్టు ఒత్తుగా ఉంటే కాస్త ఎక్కువ వస్తుంది, ఫర్వాలేదు. రెండున్నర దాటిందంటే అది గుమ్మడికాయ తలే. ఫొటోలో ముచ్చటగా కనిపిస్తుంది, ఇంటికి తెచ్చాక ఏదో తేడాగా ఉందే అని రోజూ అనిపిస్తుంది.

పెట్టె చదవండి

బేగంబజార్ గల్లీల్లో అడిగితే వినిపించే మాట ఒకటుంది: "ఒరిజినల్ హై భయ్యా, సేమ్ టు సేమ్." ఒరిజినలే అయితే దేనికి సేమ్ టు సేమ్ అని నేనెప్పుడూ అడగలేదు, నవ్వి ఊరుకుంటాను. 'ఫస్ట్ కాపీ' అని ముందే చెప్పే దుకాణదారు ఉన్నంతలో నిజాయితీపరుడు. పిల్లాడు ఆడుకోవడానికైతే అతని దగ్గరే కొనండి, తప్పులేదు. దాచుకోవడానికైతే పెట్టె తిప్పి వెనక వైపు చదవండి.

విదేశం నుంచి సక్రమంగా వచ్చిన సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం ఉన్న స్టిక్కర్ ఉండాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనలు అలా చెబుతాయి. స్టిక్కర్ లేనంత మాత్రాన నకిలీ అని కాదు, ఎవరో సూట్‌కేసులో తెచ్చి ఉండొచ్చు. కానీ అప్పుడు తేడా వస్తే ఎవరిని అడగాలో ఉండదు, ఆ మేరకు ధర తగ్గించమనండి.

'మేడ్ ఇన్ చైనా' చూసి పెదవి విరవకండి. అసలువీ ఎక్కువగా అక్కడే తయారవుతాయి. బార్‌కోడ్ మొదటి అంకెల గురించీ ఒక అపోహ ఉంది. 489 హాంగ్‌కాంగ్, 45 లేదా 49 జపాన్, 890 మనది. అవి కంపెనీ ఎక్కడ నమోదైందో చెబుతాయి, బొమ్మ ఎక్కడ అచ్చయిందో చెప్పవు. పైగా నకిలీ చేసేవాడు పెట్టెతోపాటు బార్‌కోడ్‌నీ కాపీ కొడతాడు. ఐఎస్ఐ మార్కు సంగతి వేరు. 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. అది భద్రతకు సంబంధించిన హామీ. ముక్కు సూటిగా ఉందా, కంట్లో మెల్ల ఉందా అన్నది దాని పని కాదు.

నకిలీని పట్టించేది చాలాసార్లు అచ్చు. పెట్టె మీద చిన్న అక్షరాలు చూడండి. అసలుదానిలో కాపీరైట్ వరస ఎంత చిన్నదైనా కోసినట్టు ఉంటుంది. నకిలీలో అక్షరాలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఎందుకంటే పెట్టెను స్కాన్ చేసి మళ్ళీ అచ్చు వేశారు. ఫిగర్ అరికాలిలోనో, తొడ వెనకో, వీపు మీదో కంపెనీ పేరు, సంవత్సరం చెక్కి ఉంటాయి. అక్కడ నున్నగా ఉంటే మొత్తాన్నీ అనుమానించండి.

ముఖం: ఇక్కడ తొందరపడొద్దు

ఒకే ఫిగర్, ఒకే కంపెనీ, ఒకే అట్టపెట్టెలో వచ్చిన నాలుగు పీసులు. నాలుగు ముఖాలూ నాలుగు రకాలు. ఇది నమ్మబుద్ధి కాదు కానీ నిజం. ఆరంగుళాల బొమ్మలో కనుపాప సైజు ఆవగింజంత కూడా ఉండదు. అచ్చు వేసేటప్పుడు తల వెంట్రుకవాసి కదిలినా చూపు పక్కకు పోతుంది. అందుకే దుకాణంలో ఒకటి చూసి సంచిలో వేసుకోకండి. "అన్నా, ఇదే ఇంకో రెండు పీసులు తీయవా" అని అడగండి. విసుక్కుంటాడు, తీస్తాడు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి, ముందు చేయి చాపినంత దూరం నుంచి చూడండి. మీ షెల్ఫులో మీరు చూడబోయేది ఆ దూరం నుంచే. ఎవరి చూపు మీకు తగులుతుందో వాడిని తీయండి. తర్వాత ట్యూబ్‌లైటు కింద కాకుండా గుమ్మం దగ్గరికి, పగటి వెలుగులోకి తీసుకెళ్ళండి. చర్మం నూనె రాసినట్టు మెరిస్తే అనుమానించండి. మంచి ఫిగర్ చర్మానికి మెరుపు చంపే పూత ఉంటుంది.

ఇప్పుడు ఫోన్ తీసి ముఖాన్ని దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేయండి. కొన్నేళ్ళుగా పెద్ద కంపెనీలు నటుడి ముఖాన్ని స్కాన్ చేసి, ఆ రంగుల్ని ప్రింటర్‌తో నేరుగా తల మీద అచ్చు వేస్తున్నాయి. కనుబొమ్మ, పెదవి దగ్గర పాత న్యూస్‌పేపర్ ఫొటోలో లాగా సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అది లోపం కాదు, దూరం నుంచి చూస్తే కలిసిపోతాయి. చుక్కలు పక్కకు జరిగి, కన్ను చెక్కిన గుంటలో కాకుండా రెప్ప మీద పడితేనే లోపం. చిన్న కంపెనీలవాటిలో, నకిలీల్లో చాలావరకు చుక్కలు ఉండవు. తెల్లరంగు మీద నల్లబొట్టు పెట్టినట్టు కన్ను ఉంటుంది, తిరునాళ్ళలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మలాగా.

ఆ ఫొటోని ఎడిట్‌లోకి వెళ్ళి అద్దంలో బింబంలా తిప్పండి. మన కన్ను ఒక ముఖానికి అలవాటుపడితే దాని వంకర కనబడదు. కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, డబ్బులిచ్చి కొనబోతున్న ముఖం మనకు ఎటూ ముద్దుగానే కనిపిస్తుంది. తిప్పి చూస్తే ఒక చెంప దిగి ఉందో, ఒక కన్ను పైకి పోయిందో ఇట్టే తెలుస్తుంది.

నాకు ఈ అద్దం సంగతి తట్టింది సాలార్‌జంగ్ మ్యూజియంలో. అక్కడ ఒకే చెక్కలో ముందు వైపు మెఫిస్టోఫెలిస్ అనే దయ్యం, వెనక వైపు మార్గరెట్టా అనే అమ్మాయి ఉన్న బొమ్మ ఉంది కదా, దాని వెనక అద్దం పెట్టారు. జనం ముందు ఆ గర్విష్ఠిని చూసి, తర్వాత అద్దంలో తల దించుకున్న పిల్లను చూసి అబ్బురపడతారు. మీరు మాత్రం పక్క నుంచి చూడండి, రెండు శరీరాలు కలిసే అంచు దగ్గర. చెక్కినవాడి పనితనం అక్కడుంది. ఫిగర్‌లోనూ అంతే. ఎదుటి నుంచి అందరూ బాగా చేస్తారు. చెవి వెనక, దవడ కింద, జుట్టు మెడను తాకే చోట చూడండి. జుట్టు రంగు మెడ మీదికి కారిందా, చెవి వెనక అచ్చు గీత (మూస రెండు ముక్కలు కలిసిన చోట మిగిలే గీత) అలాగే వదిలేశారా? ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహం కూడా అదే మ్యూజియంలో ఉంది. ఒక ఆదివారం అక్కడ గడిపి వచ్చాక ఫిగర్లు కొంటే మీ జేబుకు మంచిది. కన్ను పదునెక్కుతుంది, సగం ఫిగర్లు అక్కర్లేదనిపిస్తాయి.

హెల్మెట్ పాత్రల్లో ముఖం లేదు కదా అనుకోకండి. డార్త్ వేడర్ హెల్మెట్ గోపురం, ముసుగు కలిసే సందు రెండువైపులా సమానంగా ఉండాలి. ఐరన్ మ్యాన్‌కి కళ్ళ చీలికలు ఒకే ఎత్తులో ఉండాలి. ఎరుపు, బంగారు రంగులు కలిసే గీత మీద ఫోన్ టార్చ్‌ని ఏటవాలుగా వేయండి. పైనుంచి వేస్తే ఏమీ కనబడదు. ఏటవాలు వెలుగులో అచ్చు గీతలు, ధూళి మీద వేసిన పెయింటు గరుకుతనం అన్నీ లేచి నిలుస్తాయి.

పాదం

దీనికి ఇల్లే మంచి చోటు, వంటగట్టు గ్రానైట్ మంచి పరికరం. మన అపార్ట్‌మెంట్లలో అంత సమతలంగా ఉండేది ఇంకోటి లేదు. స్టాండు లేకుండా, కాళ్ళు నిటారుగా, చేతులు కిందికి వదిలి నిలబెట్టండి. అరికాలు మొత్తం ఆనిందా? కింద కాగితం ముక్క దూరుతోందా? తర్వాత గట్టు మీద గుప్పిటతో మెల్లగా తట్టండి. ఊగి నిలబడితే బాగుంది. ప్రతిసారీ ఒకే వైపు ఒరిగితే ఆ వైపు చీలమండ వదులు. ముందుకు పడితే చాలాసార్లు తప్పు పాదానిది కాదు, వీపున తగిలించిన కేపుదో రెక్కదో.

పాదం వంగి వచ్చిందంటే భయపడక్కర్లేదు. మెత్తటి పీవీసీ పెట్టెలో నొక్కుకుని ఆ ఆకారానికే అలవాటుపడుతుంది. టీ తాగే వేడికన్నా కాస్త తక్కువ వేడి నీళ్ళలో ఒక నిమిషం ముంచి, వేలితో సరిచేసి, వెంటనే చల్లటి నీళ్ళలో పెట్టి పట్టుకోండి. లైట్లు వెలిగే ఫిగర్లకు, బట్టలు తొడిగిన వాటికి ఈ పని చేయొద్దు. వాటికి హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి వాడండి. ఇలా రెండుసార్లు సరిచేసినా వారంలో మళ్ళీ వంగితే ఆ పాదం అంతే, వెనక్కి పంపండి.

కీళ్ళు, నా మోచేతి కథ

నేను కొన్న మొట్టమొదటి మంచి ఫిగర్ కుడి మోచేయి నా చేతిలోనే విరిగింది. కీలు బిగుసుకుపోయి ఉంది. బలం పెట్టాను. టప్‌మని చిన్న శబ్దం, అంతే. అమ్మినవాడు మార్చనన్నాడు. అతని తప్పు కూడా కాదు, తొందర నాది.

అప్పటినుంచి ఏ కీలునైనా ముందు కదిపి చూడను, చూసి కదుపుతాను. మోకాలు, మోచేయి దగ్గర పెయింటు రెండు భాగాల మీదా ఒకే పొరలా కప్పేసి ఉంటే ఆ కీలు అతుక్కుని ఉంటుంది. వేడిచేసి, కొద్దికొద్దిగా, రెండు దిక్కులా ఊపుతూ విడిపించండి. కీలు చుట్టూ ప్లాస్టిక్ తెల్లబారుతోందంటే అక్కడితో ఆపేయండి, అది విరగబోతోందని చెబుతోంది. పారదర్శక ప్లాస్టిక్ కీలయితే ఇంకా జాగ్రత్త, గాజులా పుటుక్కుమంటుంది. అన్నిటికన్నా ఎక్కువ విరిగేవి మణికట్టు పుల్లలు, అంటే మార్చుకునే చేతుల్ని తగిలించే సన్నటి కడ్డీలు. చేతులు మార్చే ప్రతిసారీ వేడిచేసి, మెలితిప్పకుండా తిన్నగా లాగండి.

నాణ్యత పరీక్ష మాత్రం ఇలా చేయండి: ఫిగర్ చేతికి దానితో వచ్చిన బరువైన ఆయుధం ఇచ్చి, చేయి భుజానికి సమంగా చాపించి, భోజనం చేసి రండి. తిరిగొచ్చేసరికి చేయి అక్కడే ఉంటే భుజం బాగుంది. కిందికి జారితే వదులు. వదులు కీలుకి నీటిలో కలిసే పారదర్శక ఆక్రిలిక్ వార్నిష్ ఒక్క చుక్క గుండ్రటి కీలు మీద వేసి, ఆరేదాకా మధ్యమధ్యలో కదుపుతుంటే బిగుస్తుంది. ఆర్ట్ సామాను కొట్లలో దొరుకుతుంది. కానీ కొత్త ఫిగర్‌కి నాలుగు చోట్ల ఇది చేయాల్సి వస్తే అది మీ పని కాదు, వాళ్ళ పని.

కీళ్ళు ఎన్నున్నాయన్న లెక్కకు పెద్ద విలువ లేదు. ఎక్కువ కీళ్ళంటే ఎక్కువ గీతలు. సూటు వేసుకుని నిలబడే పాత్రకు రెండు మడతల మోచేయి ఎందుకు? స్పైడర్‌మ్యాన్‌కి మాత్రం కావాలి. గోడ పాకే భంగిమలో మోకాలు తొడకు తగలకపోతే ఆ ఫిగర్ వృథా.

బరువు, బట్ట, వాసన

బరువుగా ఉంటే మంచిదని మనవాళ్ళకు ఇత్తడి చెంబు నాటి నమ్మకం. లోహం పోసిన ఫిగర్ చేతికి దర్జాగా ఉంటుంది, నిజమే. ఆ బరువుని మోయాల్సింది చీలమండ. చీలమండ ప్లాస్టిక్‌దే అయితే ఏడాదిలో ఒరుగుతుంది. పైన పటారం, లోన లొటారం.

పన్నెండు అంగుళాల వాటిలో ధర పాతిక వేలు దాటడం మామూలు. అక్కడ అసలు చూడాల్సింది తోలు. చాలావాటికి అసలు తోలు ఉండదు, బట్ట మీద పాలీయూరిథేన్ పొర ఉంటుంది. గాలిలో తేమ, వేడి కలిసి ఏళ్ళ తరబడి ఆ పొరను తినేస్తాయి, పాత సోఫా రేకులూడినట్టు ఊడుతుంది. వానాకాలంలో ఉక్కపోసే మన ఊళ్ళో ఇది ఇంకా తొందరగా జరగొచ్చు. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే మోచేయి మడత, కాలరు లోపలి వైపు, బెల్టు కింద దగ్గరి ఫొటోలు అడగండి. పంపకపోతే కొనకండి. బట్ట అసలు నేత బట్టే అయితే కుట్టు చూడండి. చొక్కా కుట్టు మన చొక్కా కుట్టంత లావుగా కనిపిస్తే బొమ్మ మనిషిలా కాదు, చిన్న మనిషి మీద పెద్ద మనిషి బట్టలా ఉంటుంది.

కొత్త ప్లాస్టిక్ వాసన రెండు రోజుల్లో పోవాలి. పాత ఫిగర్ జిగటగా తగిలితే ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే ద్రవం పైకి వస్తోందన్నమాట. గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగితే కొన్నాళ్ళు సరి, మళ్ళీ వస్తుంది. ధర మాట్లాడేటప్పుడు అది గుర్తుంచుకోండి. తెల్ల భాగాలు పసుపెక్కాయంటే చాలాసార్లు అది ఎండ చూసిన బొమ్మ, కడిగితే తెల్లబడదు.

పార్సిల్ వస్తే

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు టేపు కోయకముందు నుంచి ఫిగర్ అరికాలు చూపించేదాకా ఒక్క వీడియో, మధ్యలో ఆపకుండా తీయండి. చిరునామా స్టిక్కర్ కూడా కనిపించాలి. అమ్మినవాళ్ళు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు మీ మాటకు అదే బలం. పార్సిల్ మే నెలలో వచ్చిందనుకోండి, వెంటనే కీళ్ళు కదపకండి. మధ్యాహ్నమంతా డెలివరీ బండిలో ఉడికి ఉంటుంది. గదిలో ఓ రెండు గంటలు చల్లబడనివ్వండి. వేడి మీద మెత్తగా కదిలిన కీలుని చూసి బాగుందని మోసపోతాం, చల్లారాక చూస్తే బిగుసుకుని ఉంటుంది. అదే కారణానికి కొన్నాక ఎండలో నిలిపిన కారులో వదిలి బిర్యానీకి వెళ్ళకండి.

పడమటి కిటికీ పక్కన తప్ప ఎక్కడైనా నిలబెట్టండి, గాజు తలుపులున్న బీరువా అయితే దుమ్ముకి మంచిది. మొదటి వారం స్టాండు ఇవ్వకండి. రోజూ పొద్దున్నే ఒకసారి చీలమండల వైపు, ఒకసారి కళ్ళ వైపు చూడండి. రిటర్న్ గడువు ముగిసేదాకా పెట్టె, లోపలి ప్లాస్టిక్ ట్రే, చేతులకు కట్టిన తీగ ముక్కలు కూడా పారేయకండి. మా ఇంట్లో వాటిని చెత్తబుట్టలోంచి రెండుసార్లు వెనక్కి తెచ్చుకున్నాను.